మంచం నుంచి బాత్రూమ్ దాకా

ఆస్పత్రి కట్టించే డాక్టర్లు మొదటి మీటింగులో మాట్లాడేది లాబీ గురించే. రిసెప్షన్ వెనక గోడకు ఏ రాయి వెయ్యాలి, ఫాల్స్ సీలింగ్‌లో లైట్లు ఎలా రావాలి, రోడ్డు మీంచి బోర్డు కనపడుతుందా. సూరత్‌లోని అడాజన్‌లో ఇంటీరియర్ పనులు చేస్తూ నాకు అలవాటైన పద్ధతి వేరు. ప్లాన్ పరిచాక ముందు ఒక్క పేషెంట్ గదిని తీసుకుంటాను. అందులో మంచానికీ బాత్రూమ్ తలుపుకీ మధ్య ఉన్న పది పన్నెండు అడుగుల మీద పెన్సిల్ పెడతాను. మతిమరుపు జబ్బు ముదిరిన మనిషికి ఆస్పత్రి అంటే ఆ కాస్త జాగానే. ఎమ్మారై మిషన్ ఎంత ఖరీదైనదో ఆయనకు అక్కర్లేదు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, ఒంటికి వెళ్లాలనిపించి, కాళ్లు కింద పెట్టినప్పుడు ఎటు నడవాలో ఆ గదిని చూస్తే తెలియాలి. తెలియకపోతే మంచం దిగే చోటే పడిపోతాడు, లేదా పక్క తడుపుతాడు. తెల్లారేసరికి డైపరూ, ట్యూబూ వస్తాయి. ఇంటికి వెళ్లాక కూడా అవి పోవు.

డిమెన్షియా ఉందని ఆస్పత్రిలో చేరేవాళ్లు తక్కువ. తుంటి ఎముక విరిగి చేరతారు, న్యుమోనియాతో చేరతారు, షుగర్ పడిపోయి చేరతారు. మతిమరుపు వాళ్ల వెంట వస్తుంది, కేస్ షీట్‌లో చాలాసార్లు దాని ఊసే ఉండదు. మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. బ్రిటన్‌లో ఆస్పత్రి మంచాల్లో నాలుగో వంతు దాకా ఇలాంటివాళ్లే ఉంటారని అక్కడి అల్జీమర్స్ సొసైటీ 2009లోనే చెప్పింది. అందుకే ‘మాది ఎముకల ఆస్పత్రి, మాకెందుకండీ ఇవన్నీ’ అంటే నేను ఒప్పుకోను. తుంటి విరిగిన ముసలివాళ్లు వచ్చేది అక్కడికే కదా.

నేల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మోర్బీ మన గుజరాత్‌లోదే. అద్దంలా మెరిసే టైల్స్ అక్కడినుంచి లారీల కొద్దీ దిగుతాయి. ఆ మెరుపే శుభ్రతకు గుర్తని ఆస్పత్రివాళ్ల నమ్మకం. వయసు మళ్లిన కంటికి, పైగా చూసినదాన్ని పోల్చుకోలేని మెదడుకు, ఆ మెరుపు నీళ్లలా కనిపిస్తుంది. ఇక్కడే ఒక నర్సింగ్ హోమ్ వరండాలో ఎనభై దాటిన గుజరాతీ బా ఒకామెను నడిపిస్తుంటే చూశాను. ట్యూబులైట్ల వెలుగు నేల మీద పొడుగ్గా పడి కదులుతోంది. ఆమె టక్కున ఆగి, చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుంది. సిస్టర్ ‘చాలో బా, చాలో’ అంటోంది. ఆమె ‘పాణీ, పాణీ’ అంటూ గోడకు అంటుకుపోయింది. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లతో తాపీ నది ఊరి మీద పడినప్పుడు అడాజన్‌లో కింది అంతస్తులు మునిగాయి. ఆ రోజులు చూసినవాళ్లు ఇక్కడ ఇంటికొకరు ఉంటారు. నిన్న ఏం తిన్నదీ గుర్తులేని మనిషికి కూడా ఆ నీళ్లు గుర్తుంటాయి. కేస్ షీట్‌లో మాత్రం ‘నడకకు సహకరించడం లేదు’ అని రాశారు.

మెరవని టైల్ కూడా అదే మోర్బీలో దొరుకుతుంది. ధరలో పెద్ద తేడా ఉండదు. ఎంచుకునేటప్పుడు దాని మీద లైటు వేసి చూస్తే సరిపోతుంది, బల్బు రూపు నేలలో కనపడకూడదు. రంగు వరండా నుంచి గదిలోకి, గది నుంచి బాత్రూమ్‌లోకి ఒకేలా సాగాలి. మన మేస్త్రీలు బాత్రూమ్ గుమ్మం దగ్గర నల్ల గ్రానైట్ పట్టీ వేస్తారు, నీళ్లు బయటికి రాకుండా. వాళ్లకు అది పూర్తయిన పనికి గుర్తు. డిమెన్షియా ఉన్న మనిషికి ఆ నల్ల గీత గుంట. దాని అంచున నిలబడి కాలు ముందుకు వెయ్యడు. వెనక నుంచి తోస్తే గెంతబోతాడు, పడతాడు. నల్లటి డోర్‌మ్యాట్ అయినా అంతే. ఆ పట్టీ బదులు నేల రంగు రాయి పెట్టించి, వాలు లోపలికి ఇప్పించడానికి ప్రతి సైట్‌లోనూ నేను వాదించాల్సిందే. అయినా వాదిస్తాను.

బాత్రూమ్‌లోకి వెళ్లాక కష్టం తిరగబడుతుంది. అక్కడ తేడా కనపడాలి, కానీ అన్నీ ఒకటే తెలుపు. తెల్ల గోడ, తెల్ల నేల, తెల్ల కమోడ్, దాని మీద తెల్ల సీటు. కూర్చునే చోటు ఎక్కడుందో మసక కంటికి ఆనదు. స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్ యూనివర్సిటీలో 1989 నుంచి డిమెన్షియా మీద ఒక కేంద్రం పనిచేస్తోంది. ఎక్కడ రంగులో తేడా చూపాలో, ఎక్కడ చూపకూడదో వాళ్లు ఏళ్ల తరబడి చెప్తూనే ఉన్నారు. సీటుకీ, పట్టుకునే కడ్డీకీ గోడతో కలవని ముదురు రంగు వెయ్యాలి. బాత్రూమ్ తలుపు రంగు ఆ గదిలో ఇంకెక్కడా రాకూడదు. మంచం మీద తల పెట్టిన చోటి నుంచి ఆ తలుపు, వీలైతే కమోడే, కనపడాలి. రాత్రంతా లోపల చిన్న దీపం వెలగాలి. గోడకు నిలువెత్తు అద్దం వద్దు, అందులో కనపడే ముసలాయన ఎవరో తెలియక లోపల మనిషి ఉన్నాడని తిరిగి వచ్చేస్తారు.

ఇవి విదేశాల వాళ్లు చెప్పినవి. మన దగ్గర ఇంకో సంగతి కూడా ఉంది. మన పెద్దలు జీవితమంతా చెంబూ బకెట్టూ వాడినవాళ్లు. గోడకు వేలాడే హెల్త్ ఫాసెట్ వాళ్లకు టెలిఫోన్‌లా కనపడుతుంది. చెయ్యి చాపితే నీళ్లొచ్చే సెన్సర్ కొళాయి ముందు తిప్పే పిడి కోసం వెతికి వెతికి, చేతులు కడుక్కోకుండానే వస్తారు. ఎర్ర మగ్గు ఒకటి, నీలం బకెట్ ఒకటి, తిప్పే కొళాయి ఒకటి పెట్టండి. చేతులకు పని గుర్తొస్తుంది.

చేతుల సంగతి వచ్చింది కాబట్టి మనవాళ్ల గురించి చెప్తాను. లింబాయత్, ఉధనా వైపు తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. మునిసిపాలిటీ బడుల్లో తెలుగు మీడియం కూడా నడిచిన ఊరు ఇది. సాంచాల (మరమగ్గాల) మీద ముప్పై నలభై ఏళ్లు పనిచేసి ముసలివాళ్లైన ఆ తరం ఇప్పుడు ఆస్పత్రులకు వస్తోంది. అలాంటి ఒకాయన మంచం మీద పడుకుని దుప్పటి అంచు పట్టుకుని బొటనవేలూ చూపుడువేలూ కలిపి నలుపుతున్నాడు, విడుస్తున్నాడు, మళ్లీ నలుపుతున్నాడు. సెలైన్ సూది ఎక్కడ పీకేస్తాడోనని గుడ్డ పట్టీతో రెండు మణికట్లూ కడ్డీకి కట్టేశారు. కూతురు వచ్చి చూసి, ‘బాపు పోగు అతుకుతున్నడమ్మా, తెగిన పోగు’ అంది. కట్లు విప్పి, అంచుకు దారాలు వదులుగా ఉన్న తువ్వాలు చేతికిస్తే ఆయన పని ఆయన చేసుకుంటూ కూర్చున్నాడు. సెలైన్ జోలికి పోలేదు. ఆ తువ్వాలును నేను ఆస్పత్రి సామాన్ల లెక్కలోనే రాస్తాను, మంచంతో పాటు, స్టాండుతో పాటు.

సాంచాల చప్పుడులో బతికినవాళ్లకు చెవులు సగం పోయి ఉంటాయి. చెవుడునూ మతిమరుపునూ కలిపి చూసి, ఏమీ అర్థంకాని మనిషని ముద్ర వేయడం వార్డుల్లో రోజూ జరిగేదే. మానిటర్ కూతలు, ట్రాలీ చక్రాలు, పక్క మంచం వాళ్ల ఫోను, అన్నీ కలిసిన రొదలో ఆయనకు ఏ మాటా విడిగా వినపడదు. అమెరికాలో యేల్ యూనివర్సిటీ డాక్టర్ షారన్ ఇనౌయే 1999లో 852 మంది వృద్ధ రోగుల మీద అధ్యయనం ప్రచురించారు. ఆస్పత్రిలో హఠాత్తుగా మనసు చెదిరిపోయే స్థితిని, డాక్టర్లు డెలిరియమ్ అనేదాన్ని, ఆపడానికి ఆమె వాడినవి చాలా మామూలు పనులు. కళ్లద్దాలు, చెవి మిషన్ దగ్గరుంచడం, ఈ రోజు ఏ వారమో చెప్తూ ఉండడం, నీళ్లు తాగించడం, లేపి నడిపించడం, రాత్రి చప్పుడు తగ్గించి నిద్ర పోనివ్వడం. మామూలు వైద్యం అందినవాళ్లలో 15 శాతం మందికి డెలిరియమ్ వస్తే, ఇవి అందినవాళ్లలో 9.9 శాతం మందికే వచ్చింది. ఇందులో సగం పనులకు గది తోడ్పడాలి. కళ్లద్దాలు పెట్టుకునే అర మంచానికి చెయ్యందే దూరంలో ఉండాలి. గోడ మీద పెద్ద అంకెల గడియారం, వారం తిథి పెద్దక్షరాల్లో ఉన్న క్యాలెండర్, పడుకున్న మనిషి కంటికి ఎదురుగా, కిందికి ఉండాలి. మన ఆస్పత్రుల్లో గడియారం నర్సుల కౌంటర్ దగ్గర, వాళ్ల కోసం ఉంటుంది.

సూరత్‌లో మాటల చిక్కు కూడా ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు వచ్చినవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించింది. చదువు రానివాళ్లలో కూడా ఆ తేడా కనపడింది. మన నేత కార్మికులు తెలుగు, హిందీ, గుజరాతీ కలిపి బతికినవాళ్లే, ఆ మేలు వాళ్లకూ అంది ఉండొచ్చు. కానీ జబ్బు ముదిరాక చాలామందిలో పెద్దయ్యాక నేర్చిన భాష ముందు జారిపోతుంది, చిన్ననాటిది మిగులుతుంది. కాకా, కాకా అని సిస్టర్ ఎంత ప్రేమగా గుజరాతీలో పిలిచినా ఆయన తలతిప్పడు. బాత్రూమ్ తలుపు మీద గుజరాతీలో, ఇంగ్లీషులో రాసిన బోర్డు ఆయనకు గీతలే. కమోడ్ బొమ్మ, ఆడ మగ ఇద్దరికీ తెలిసే బొమ్మ, పెద్దగా వేసి ఛాతీ ఎత్తులో పెట్టాలి.

బొమ్మతో కానిది ఇంటి మనిషితో అవుతుంది. బ్రిటన్‌లో నికీ జెరార్డ్ అనే రచయిత్రి తండ్రి డాక్టర్ జాన్ జెరార్డ్ కాలి పుండ్లకని ఆస్పత్రిలో చేరాడు. డిమెన్షియా ఉన్నా అప్పటిదాకా ఇంట్లో తన పని తాను చేసుకుంటున్న మనిషి. ఆస్పత్రిలో ఉన్న వారాల్లో కుటుంబాన్ని దగ్గరకు సరిగ్గా రానివ్వలేదు. ఇంటికి వచ్చేసరికి నడక లేదు, మాట లేదు. 2014 నవంబరులో ఆయన పోయాక, జూలియా జోన్స్‌తో కలిసి ఆమె ‘జాన్స్ క్యాంపెయిన్’ మొదలుపెట్టింది, డిమెన్షియా ఉన్నవాళ్ల పక్కన సొంత మనిషి ఉండే హక్కు కోసం. మన దగ్గర అటెండెంట్ లేకుండా అసలు చేర్చుకోరు. మనిషి ఉంటాడు, మనిషికి చోటుండదు. ప్లాస్టిక్ స్టూలు, లేదంటే మంచం కింద చాప. మూడో రాత్రికి కోడలు కూడా పేషెంటే. నేను గీసే గదుల్లో అటెండెంట్ బల్ల గోడకు ఎక్కడ వీలైతే అక్కడ పెట్టను. పేషెంటు దిగే పక్కనే, బాత్రూమ్ దారికి ఆనుకుని పెడతాను. ఆయన కాలు కింద పెట్టగానే ఆమెకు తగలాలి.

ఇక తిరిగే జబ్బు. సాయంత్రం అయ్యేసరికి ఇంటికి పోతానని లేస్తారు. అడాజన్‌లో చాలా ఆస్పత్రులు షాపింగ్ కాంప్లెక్సుల రెండో మూడో అంతస్తుల్లో ఉన్నాయి, తోట ఉండదు, చుట్టూ తిరిగి వచ్చే దారి ఉండదు. వరండా చివర ఫైర్ ఎగ్జిట్ ఉంటుంది, పేషెంటు అటే పోతాడని దానికి తాళం వేస్తారు. తలుపుకు గోడ రంగు వేసి కనపడకుండా చేయమని కొందరు నన్నే అడిగారు. సామాను గదికీ, స్టాఫ్ గదికీ అలా వేస్తాను, వాటి వైపు చూపు పోకపోవడం మంచిదే. ఫైర్ ఎగ్జిట్‌కు వెయ్యను, తాళానికి ఒప్పుకోను. 2019 మే 24న సర్థానాలో తక్షశిల కాంప్లెక్సు అగ్నిప్రమాదంలో 22 మంది పిల్లలు పోయిన ఊళ్లో నేను ఉంటున్నాను. తలుపుకు పది అడుగుల ముందే, కిటికీ పక్కన, చేతులున్న గట్టి కుర్చీలు రెండు వేయిస్తాను. కింద రోడ్డు, రిక్షాలు, జనం కనపడాలి. తలుపు తీస్తే నర్సుల కౌంటర్ దగ్గర గంట మోగేలా వైరు లాగిస్తాను. నడిచి వచ్చిన మనిషి చాలాసార్లు ఆ కుర్చీలో కూర్చుంటాడు. కూర్చోని రోజున గంట మోగుతుంది, ఎవరో ఒకరు వెళ్లి ఆయనతో కలిసి నాలుగడుగులు నడిచి వెనక్కి తీసుకొస్తారు. అందుకోసం రాత్రి డ్యూటీలో ఒక ఆయమ్మ అదనంగా కావాలి. ఆమె జీతం నా ఎస్టిమేట్‌లోకి రాదు, అయినా ఆ కుర్చీల లైను కింద ఆ మాట కూడా రాసే ఇస్తున్నాను.