సంచి మీద రాసేముందు

ఒక ఆదివారం వెంకటాచలంలో నేను చెప్పే డిజైను తరగతికి ఒక ఖాళీ బియ్యం సంచి పట్టుకెళ్లాను. ఆ వారం పిల్లలకిచ్చిన పని అదే, ఇక్కడి ఒక మిల్లుకు సంచి డిజైను. కసుమూరు, సర్వేపల్లి, గొలగమూడి దిక్కు నుంచి వస్తారు వీళ్లు. ఫొటోషాప్, కోరల్‌డ్రా నేర్చేశారు. మౌస్ మీద చేతులు చకచకా ఆడతాయి. ఒకమ్మాయి తన డిజైను తెర మీద పెట్టగానే అందరూ కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. పొద్దుపొడుపు, మంచులో వరిచేను, పైన బంగారు రంగులో ‘మొలగొలుకులు’ అన్న పేరు, కింద 25 కిలోలు. నిజంగా అందంగా ఉంది.

సంచిని బల్ల మీద పరిచి తడిమి చూడమన్నాను. ప్లాస్టిక్ పట్టీల నేత, వేలికి గరుకు తగులుతుంది. దీని మీద రబ్బరు ప్లేట్లతో అచ్చు వేస్తారు, రంగుకొక ప్లేటు. మిషను మీద సంచి పరుగెత్తేటప్పుడు ఒక రంగు పక్కదాని మీదికి కాస్తయినా జరుగుతుంది. ఆ మంచు, ఆ మెరుపు అక్కడ మరకలుగా తేలతాయి. “అయితే ఎట్ట సార్?” అంది. మూడు రంగుల్లో ఆలోచించమన్నాను. నాకు అసలు పట్టింపు వేరే దగ్గరుంది. “ఆ మిల్లాయన అమ్మేది మొలగొలుకులేనా అమ్మా?”

అడగలేదట. నెల్లూరు బియ్యమంటే ఆ పేరే గదా అని రాసేసింది.

అక్కడే ఫోను చేయించాను. “మొలగొలుకులు ఇప్పుడెక్కడివమ్మా, మాది నెల్లూరు మసూరి” అన్నాడాయన. మన నెల్లూరు వ్యవసాయ పరిశోధన కేంద్రంలోనే పుట్టిన ఎన్ఎల్ఆర్ 34449 రకం అది. “ఇరవై అయిదు కాదు, ఇరవై ఆరు రాయి” అని కూడా చెప్పాడు. 2022 జూలైలో 25 కిలోల దాకా ఉన్న ప్యాకింగు బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడ్డాక చాలా మిల్లులు 26 కిలోల సంచికి మళ్లాయి. ఆహార భద్రత లైసెన్సు నంబరు 14 అంకెలదీ ఆయనే చెప్పాడు, అమ్మాయి రాసుకుంది. లేకపోతే ఇంకొక రకం పేరుతో, తప్పు తూకంతో వేల సంచులు అచ్చయ్యేవి.

సాఫ్ట్‌వేర్ గంటల్లో సగం తగ్గించి, ఆ సగం ఇట్లా అడగడానికీ, ప్రూఫు చదవడానికీ, ధర చెప్పడానికీ ఇవ్వాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. హైదరాబాదులో 2008 నుంచి, కడపలో 2020 నుంచి లలితకళల విశ్వవిద్యాలయాలున్నాయి. అక్కడ నాలుగేళ్ల చదువు. మా పిల్లలకు ఉండేది కొన్ని నెలలు. ఈ అడగడం, ప్రూఫు చదవడం వెనకటి తరం పనిలోనే నేర్చుకుంది. పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్లిన ఈశ్వర్, పోస్టర్లు గీసే కేతా గారి దగ్గర చేరి పని పట్టుకుని, 1967 నాటి ‘సాక్షి’తో మొదలుపెట్టి వందల సినిమాలకు పోస్టర్లు గీశారు. బాపు గారు కూడా మద్రాసులో ప్రకటనల సంస్థల్లో పనిచేసినవారే. పక్కన ఒక పెద్దచేయి ఉండేది, నిర్మాత ఏమడుగుతున్నాడో చెవిన పడేది. ఇప్పుడు పిల్లవాడి పక్కన ఉన్నది కంప్యూటరు ఒక్కటే.

ధర సంగతి నాకు బాధగానే ఉంటుంది. ఫ్లెక్సీ షాపుల్లో చదరపు అడుగుకింత అని లెక్క, ‘డిజైన్ ఫ్రీ’ అని బోర్డు. గొలగమూడి ఆరాధన ఉత్సవానికో, కసుమూరు దర్గా గంధానికో రాత్రంతా కూర్చుని బ్యానరు చేసిన కుర్రవాడి పనికి బిల్లులో ఒక వరస కూడా ఉండదు. అందుకే ప్రతి అభ్యాసానికీ బిల్లు రాయిస్తాను. డిజైనుకు వేరే వరస, వేరే అంకె. మొదట్లో సిగ్గుపడతారు. ఆ సిగ్గు తరగతిలోనే పోవాలి.

ప్రూఫు మీద సంతకం తీసుకోవడం మాత్రం నా చేయి కాలి నేర్చుకున్నది. తొలి ఏళ్లలో ఒక పెళ్లి కార్డులో ముహూర్తం పక్కన ‘ఉ.’ బదులు ‘రా.’ పడింది. 500 కార్డులు. ఆ ఇంటి పెద్దాయన చదివానన్నాడు, సంతకం నేను తీసుకోలేదు. మళ్లీ అచ్చు వేయించిన డబ్బు కన్నా, ఆ పెళ్లికూతురి తల్లి మొహమే ఇప్పటికీ ఎక్కువ గుర్తు.

పోయిన ఆదివారం అమ్మాయి కొత్త డిజైను తెచ్చింది. మూడు రంగులు, మందపాటి గీతలో ఒకే ఒక్క వెన్ను, చేత్తో రాసిన ‘నెల్లూరు మసూరి’. కంప్యూటరు ఫాంటు కాకుండా తనే రాయడం నాకు చాలా నచ్చింది. సంచి కొలతకు ప్రింటు తీసి, దాని మీదే అంటించి, గోడకు ఆనించి, గుమ్మం దాకా వెనక్కి నడిచింది. ‘ల్లూ’ దగ్గర వత్తుకూ పై అక్షరానికీ మధ్య సందు సన్నంగా ఉంది. అచ్చులో సిరా అక్కడ పూడిపోతుంది.

నేను నోరు తెరిచేలోపే, “వత్తు అతుక్కుపోతాది సార్” అని కాగితం పీకి బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.