పూత చూశాకే మందు

గుంటూరు, ప్రకాశం మెట్టల్లో పురుగు అనగానే గుర్తొచ్చేది మందు డబ్బా. పురుగంటే ఈ భయం ఊరికే పుట్టలేదు. 2021లో నల్ల తామర పురుగు మిరప పూతలోకి దూరి తోటలకు తోటలే ఎండగట్టింది. అది చేరిందో లేదో తెలుసుకోవడానికి పూవును తెల్లకాగితం మీద తట్టి చూస్తాం. ఉంటే నల్లని నలుసులు కాగితం మీద పాకుతాయి.

అదే కాగితం పట్టుకుని నేను చేను గట్టు మీదికి కూడా వెళ్తుంటాను. నా నీడ పూల మీద పడకుండా నిలబడతాను. అలికిడైతే చాలు, పెంకు పురుగులు కాళ్లు ముడుచుకుని రాలిపోతాయి. కంది పూతను నమిలే ఎరుపు, నలుపు పట్టీల పెంకు పురుగు రైతుకు నష్టమే. కానీ నేలలో దాని పిల్లపురుగులు మిడతల గుడ్లు తిని పెరుగుతాయి. ఒకే పురుగు లెక్క రెండు వైపులా రాయాలి.

పొడవు మీసాల పెంకు పురుగులది మరీ పెద్ద లెక్క. ప్రపంచంలో ఇవి 30 వేల రకాలకు పైనే. మన దేశపు రకాలను వర్ణిస్తూ 1906లోనే కీటక శాస్త్రవేత్త సి.జె. గహన్ ఒక సంపుటం వెలువరించాడు. బాపట్ల, చీరాల వైపు జీడిమామిడి మొదలు తొలిచి చెట్టునే చంపే పురుగు ఈ కుటుంబానిదే. పసుపు, నలుపు చారలతో కందిరీగలా కనిపించే క్లోరోఫోరస్ రకాలూ ఇందులోవే. అవి కుట్టవు. పుప్పొడి కోసం పూల మీద వాలి, ఆ పుప్పొడిని పూవు నుంచి పూవుకు మోస్తాయి. వాటిలో ఒకటి ఎండు వెదురులో పెరుగుతుంది. నల్లమల లాంటి వెదురు అడవులు దాని చోటు.

ఇలాంటి పురుగు బాల్యమంతా కొయ్యలో గడుస్తుంది. రెక్కలొచ్చాక బతికేది కొద్ది కాలమే, అదీ పూల మీద. ఎండుకొమ్మ, పూలకొమ్మ రెండూ దగ్గర్లో ఉంటేనే దాని బతుకు సాగుతుంది. మనం గట్ల మీద చెట్లు కొట్టేశాం, మిగిలిన తుప్పలకు కలుపుమందు కొడుతున్నాం. రెండూ పోయాయి.

పురుగు పట్టి చచ్చిన జీడిమామిడి మానును తోటలో ఉంచకూడదు, తీసేయాల్సిందే. పైరుకు చేటు చేయని ఎండు మోడును మాత్రం గట్టున ఉండనివ్వండి. పక్కన రేగునో తంగేడునో పూయనివ్వండి. స్ప్రేయరు భుజానికెత్తే ముందు పది పూలు కాగితం మీద తట్టి, వచ్చినదెవరో చూసి, ఆ తర్వాతే మందు మాట ఆలోచించండి.