తరుగు తెలిసిన తీగ

అరచేతిలో ఇమిడే ఉక్కు దిమ్మ. పై ముఖం అద్దంలా నున్నగా ఉంటుంది, ఎక్కడా గీత కూడా కనిపించదు. కింద నుంచి వేలితో నెడితే ఆ నున్నటి ముఖం మధ్యలోంచి ఒక నక్షత్రమో, ఒక అక్షరమో మొలకెత్తినట్టు పైకి లేస్తుంది. వేలు తీస్తే మెల్లగా లోపలికి దిగిపోతుంది. అతుకు మళ్లీ మాయం. ఫోన్లలో ఇలాంటి వీడియో ఎప్పుడో ఒకప్పుడు మీ కంటపడే ఉంటుంది.

ఒకే ఉక్కు ముక్కను అంత సన్నగా కోశారనే చాలామంది అనుకుంటారు. అలా కోయడం కుదిరే పని కాదు. ఇలాంటి ఉక్కును వైర్‌కట్ అనే మిషన్ మీద సన్నటి తీగతో కోస్తారు. ఆ తీగ మందమే పావు మిల్లీమీటరు. అది వెళ్లిన దారిలో 0.3 మిల్లీమీటర్లకు పైగా లోహం పోతుంది. కోసి తీసిన ముక్కను అదే కంతలో పెడితే వదులుగా గలగలలాడుతుంది. మాయమయ్యే దిమ్మలో కంతను ఒక ముక్కలో, అందులో కూర్చునే బొమ్మను ఇంకో ముక్కలో కోస్తారు. రెండూ కలిపి కూర్చోబెట్టాక పై ముఖాన్ని ఒకేసారి గ్రైండింగ్ చేస్తారు. గ్రైండింగ్ చార అతుకు మీదుగా ఆగకుండా సాగిపోతుంది కాబట్టి కంటికి అతుకు ఆనదు.

ఈ గుట్టు తెలిశాక నాకు ఆ దిమ్మ మీద గౌరవం పెరిగింది. బంగారం చేయించిన ప్రతి ఇంట్లోనూ తరుగు మాట వినిపిస్తుంది. ఆకురాయి కింద పొడిగా, కొలిమిలో మసిగా ఎంత పోయిందో కంసాలి లెక్క చెప్పాలి. వైర్‌కట్ పనితనమంతా ఈ తరుగు లెక్కలోనే ఉంది. ఎంత లోహం పోతుందో కోయక ముందే మైక్రాన్ల దాకా తెలిసి ఉండాలి, ఆ మేరకు తీగను గీత మీద కాకుండా గీతకు పక్కగా నడపాలి. ఆ పక్కకు జరగడాన్ని టూల్‌రూమ్‌లో ఆఫ్‌సెట్ అంటారు. కంత కోసేటప్పుడు తీగ గీతకు లోపలి వైపు, బొమ్మ కోసేటప్పుడు బయటి వైపు. వేరువేరు ఉక్కు ముక్కల్లో, బహుశా వేరువేరు రోజుల్లో కోసినవి ఒకదానిలో ఒకటి ఇమిడిపోతున్నాయంటే రెండుసార్లూ తరుగు లెక్క తప్పలేదన్నమాట. మిల్లీమీటరులో వెయ్యో వంతు మైక్రాన్. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మామూలు వైర్‌కట్ మిషన్ కూడా అటూ ఇటూ 5 మైక్రాన్లలో పని చేస్తుంది. మేలైనవి ఒకటి రెండు మైక్రాన్లకు దిగుతాయి.

తీగతో కోయడం మనకు కొత్త కాదు. ఉడికిన కోడిగుడ్డును దారంతో కోస్తాం. కుమ్మరి సారె మీది కుండను దారంతోనే వేరుచేస్తాడు. అక్కడ దారం తాకుతుంది, ఒత్తుతుంది, ఒరుసుకుపోతుంది. ఇక్కడి తీగ ఉక్కును తాకనే తాకదు. తాకిందంటే పని చెడినట్టే. తీగకూ ఉక్కుకూ మధ్య ఎప్పుడూ కొన్ని పదుల మైక్రాన్ల ఎడం ఉంటుంది, ఆ ఎడంలో నీళ్లుంటాయి. కరెంటు పల్స్ వచ్చినప్పుడు ఆ నీటిని చీల్చుకుని ఒక నిప్పురవ్వ దూకుతుంది. అది బతికేది మైక్రోసెకన్లే, కానీ ఆ క్షణంలో అక్కడి వేడి 8,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఉక్కు మీద చుక్కంత చోటు కరిగి, ఆవిరై ఎగిరిపోతుంది. చుట్టూ ఉన్న నీరు ఆ కరిగిన బిందువును అక్కడికక్కడే గడ్డకట్టించి తీసుకుపోతుంది. ఇలాంటి రవ్వలు సెకనుకు వేలల్లో, లక్షల్లో. ఒక్కో రవ్వ ఒక్కో సూక్ష్మమైన గుంట చేస్తుంది. కోత అంటే ఆ గుంటల వరుస.

లోహం అరగడం అనే తెగులునే పనిముట్టుగా మార్చుకున్న కథ ఇది. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతుండగా మాస్కోలో బోరిస్, నటాల్యా లజరెంకో అనే శాస్త్రవేత్తల జంటకు ఒక సమస్య అప్పగించారు. ఇంజన్లలో కరెంటును తెంపుతూ కలుపుతూ ఉండే టంగ్‌స్టన్ కాంటాక్టులు రవ్వల వల్ల తినుకుపోతున్నాయి, దాన్ని ఆపాలి. కాంటాక్టులను నూనెలో ముంచి చూశారు. అరుగుదల ఆగలేదు. అయితే గాలిలో ఇష్టం వచ్చినట్టు ఎగిరే రవ్వలు నూనెలో ఒక క్రమానికి వచ్చాయి. అడ్డుకోలేని అరుగుదలను అదుపులో పెట్టి వాడుకోవచ్చని వాళ్లకు తట్టింది. 1943లో లోహాన్ని రవ్వలతో చెక్కే పద్ధతిని ప్రతిపాదించారు. అడిగిన ప్రశ్నకు జవాబు దొరకనప్పుడు, దొరికిన దాన్ని పారేయకుండా నిలబడి చూసినవాళ్లు వాళ్లు. మొదట్లో బొమ్మ ఆకారంలో చేసిన ఎలక్ట్రోడ్‌ను ఉక్కులోకి దింపేవాళ్లు. దానికి బదులు కదిలే తీగను పెట్టి, అంకెల ప్రోగ్రాంతో నడిపే యంత్రాన్ని స్విట్జర్లాండ్‌కు చెందిన అజీ కంపెనీ 1969లో తెచ్చింది. తర్వాత జపాన్ కంపెనీలు దాన్ని వేగంగా ముందుకు తీసుకెళ్లాయి. మన దేశంలో పుణెలోనూ ఈ మిషన్లు తయారవుతున్నాయి.

తీగ ఎందుకు కదలాలి? ఉక్కును తినే రవ్వ తీగనూ తింటుంది కాబట్టి. నిలిచి ఉన్న తీగ కాసేపట్లో సన్నబడి తెగిపోతుంది. అందుకని పైనున్న చుట్ట నుంచి కొత్త తీగ దిగుతూనే ఉంటుంది, వాడిన తీగ కింద డబ్బాలో పడుతూనే ఉంటుంది. నిమిషానికి పది మీటర్ల చొప్పున వేసుకుంటే ఎనిమిది గంటల షిఫ్టులో దాదాపు ఐదు కిలోమీటర్ల తీగ, అంటే రెండు కిలోల ఇత్తడి ఖర్చవుతుంది. తీగ పై నుంచి కిందికి దిగేలోపే కొంచెం సన్నబడుతుంది. మందమైన జాబ్‌లో, అంటే కోసే ఉక్కు ముక్కలో, తీగ వేగం తగ్గిస్తే పైభాగం, అడుగుభాగం కొలతల్లో తేడా పడుతుంది. ఇత్తడి ముచ్చట ఇంకొకటి చెప్పాలి. తొలినాళ్లలో రాగి తీగ వాడేవారు. రాగిలో జింకు కలిసిన ఇత్తడి వచ్చాక కోత వేగం పుంజుకుంది. జింకు 907 డిగ్రీలకే ఆవిరవుతుంది. ఆ ఆవిరి సందులోని చెత్తను బయటికి తోసేస్తుంది.

నేను హైదరాబాదు బాలానగర్‌లో ఒక చిన్న షెడ్డులో వైర్‌కట్‌ను మొదటిసారి దగ్గరగా చూశాను. మే నెల, బయట రేకులు కాలిపోతున్నాయి. ఆ షెడ్డంతటికీ ఏసీ ఉన్నది మిషన్ గదికే. మనుషుల కంటే యంత్రానికి మర్యాద ఎక్కువా అనిపించింది. లెక్క వేసుకున్నాక అర్థమైంది. వంద మిల్లీమీటర్ల ఉక్కు ఒక్క డిగ్రీ వేడెక్కితే ఒక మైక్రాన్‌కు కాస్త పైన సాగుతుంది. కొలతలన్నిటికీ ప్రామాణికమైన ఉష్ణోగ్రత 20 డిగ్రీలని 1931లోనే అంతర్జాతీయంగా ఒప్పుకున్నారు. హైదరాబాదు ఎండలో 42 డిగ్రీలకు చేరిన వంద మిల్లీమీటర్ల ఉక్కు పంచ్‌ను, అంటే రేకును కొట్టే పనిముట్టును, తెచ్చి వెంటనే కొలిస్తే అసలు కొలత కంటే 25 మైక్రాన్లు ఎక్కువ చూపిస్తుంది. ఆ అంకెను గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరకే వస్తాం. జాబ్ వచ్చాక దాన్ని ఆ గదిలోనే చాలాసేపు ఉంచి, గది చల్లదనం ఉక్కు గుండె దాకా దిగాకే తీగ ఎక్కిస్తారు. ఓపిక లేనివాడికి ఈ పని దక్కదు.

నీళ్ల సంగతీ అంతే. మన బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ, కరెంటును తేలిగ్గా పారనిస్తాయి. అలా పారిపోతే రవ్వ పుట్టదు. అందుకే నీటిని రెజిన్ గుండా పంపి అయాన్లు తీసేస్తారు. కోత సాగుతున్నకొద్దీ లోహపు పొడి కలిసి నీరు మళ్లీ చెడుతుంది. వడపోత, రెజిన్ పని ఆగకూడదు. ఆ నీటి ఉష్ణోగ్రత కూడా మారకూడదు.

అన్నీ అమరాక కూడా ఉక్కు తన మొండితనం చూపిస్తుంది. హార్డెనింగ్ చేసి గట్టిపరచిన దిమ్మ లోపల బిగువు దాగి ఉంటుంది. పక్క అంచు నుంచి కోత మొదలుపెడితే ఆ బిగువు విడిపోయి, చీలిన వెదురు బద్దలా దిమ్మ నోరు తెరుస్తుంది, లేదా మూసుకుపోయి తీగను నొక్కేస్తుంది. అనుభవమున్నవాళ్లు దిమ్మ లోపలే ఒక చిన్న కంత తొలిచి, అందులోంచి తీగ ఎక్కించి, చుట్టూ చట్రం తెగకుండా కోస్తారు. మొదటి కోతలో బొమ్మను కొలత కంటే కొంచెం లావుగా వదిలేస్తారు. ఉక్కు ఎంత కదలాలో అంత కదలనిస్తారు. ఆ తర్వాత అదే దారిలో తక్కువ కరెంటుతో, ఇంకా తక్కువ కరెంటుతో మూడు నాలుగుసార్లు తీగను నడుపుతారు. వాటిని స్కిమ్ కట్‌లు అంటారు. మొదటి కోత కదిలించిన దాన్ని ఇవి సరిదిద్దుతాయి, గుంటలను నున్నబరుస్తాయి.

మూలల దగ్గర తీగ గుణం ఇంకా బాగా బయటపడుతుంది. రెండు చివరలా వజ్రపు గైడ్లు పట్టుకున్నా, రవ్వల తోపుకూ నీటి ఒత్తిడికీ తీగ నడుమ కొంచెం వెనక్కి వంగుతుంది. గైడ్లు మూల తిరిగేసరికి నడుము ఇంకా వెనకే ఉండి, మూలను అడ్డదారిలో కోసేస్తుంది. అందుకని మిషన్ మూల దగ్గర నెమ్మదిస్తుంది, నడుము వచ్చి చేరేదాకా ఆగుతుంది. లోపలి మూల ఎన్నటికీ పూర్తి పదునుగా రాదు. తీగ గుండ్రంది కాబట్టి, తీగ అర్ధవ్యాసం, రవ్వ ఎడం కలిపినంత గుండ్రదనం మిగులుతుంది. డిజైన్ గీసేవాళ్లు దాన్ని ఒప్పుకోక తప్పదు.

ఇంత సూక్ష్మం ఎవరికి కావాలి? మన నెత్తి మీద తిరిగే ఫ్యాన్‌కు కావాలి. దాని మోటారులో సుమారు అర మిల్లీమీటరు మందమున్న సిలికాన్ ఉక్కు రేకులు దొంతరగా ఉంటాయి. రేకు నిండా పళ్లు, పళ్ల మధ్య రాగి చుట్టడానికి గాళ్లు. ప్రెస్సు కింద పంచ్ దిగి, రేకును డైలోకి కొట్టి ఈ ఆకారం తెస్తుంది. పంచ్‌కూ డైకీ మధ్య ఒక్కో పక్క ఉండాల్సిన సందు రేకు మందంలో ఇరవయ్యో వంతు దగ్గర, అంటే 25 మైక్రాన్లు. ఎండలో కాగిన పంచ్ చూపిన తేడా అంతే! సందు పెరిగితే రేకు అంచున ముళ్లలా బర్ లేస్తుంది. ఆ ముళ్లు పక్క రేకును తాకితే మోటారులో కరెంటు ఊరికే చుట్టుతిరిగి వేడిగా మారిపోతుంది. సందు తగ్గితే పంచ్ అంచు తొందరగా అరిగి పెచ్చులూడుతుంది.

వైర్‌కట్ రాక ముందు ఈ సందును మనుషులు చేత్తో తెచ్చేవారు. మెత్తగా ఉన్న ఉక్కును ఆకురాయితో రాయడం, నీలి రంగు పూసి పంచ్‌ను డైలో ఆనించి చూడడం, రంగు అంటిన ఎత్తుపల్లాలను మళ్లీ రాయడం. అలా రోజుల తరబడి చేశాక హార్డెనింగ్‌కు పంపితే, కొలిమిలో ఉక్కు వంకరపోయి తిరిగొచ్చేది. ఆ గుండెకోత పడిన ఫిట్టర్లకే వైర్‌కట్ విలువ ముందుగా అర్థమై ఉంటుంది. రవ్వకు ఉక్కు మెత్తనా గట్టా అనే తేడా పట్టదు. ముందు గట్టిపరచి, వంకరపోవాల్సింది పోయాక, ఆఖరున కోయొచ్చు. అదే ప్రోగ్రాంలో ఆఫ్‌సెట్ అంకె మారిస్తే పంచ్, డై రెండూ వస్తాయి. పై గైడ్‌ను కొంచెం పక్కకు జరిపి తీగను ఏటవాలుగా నడిపితే, కొట్టిన ముక్క ఇరుక్కోకుండా కిందికి జారిపోయేలా డై అడుగు విశాలమవుతుంది.

అయినా ఆ పాత చేతుల తెలివి వృథా పోలేదు. 1968లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల తోడ్పాటుతో బాలానగర్‌లో కేంద్ర టూల్ డిజైన్ సంస్థ ఏర్పడింది. అక్కడ నేర్చుకున్నవాళ్లు, చుట్టుపక్కల షెడ్లలో పక్కన నిలబడి నేర్చుకున్నవాళ్లు కలిసి ఒక తరాన్ని నిలబెట్టారు. ఉక్కు ఎటు కదులుతుందో, దిమ్మలో ఎక్కడ కంత పెట్టాలో, ముక్క పడిపోకుండా చివర ఎంత వంతెన వదలాలో మిషన్ చెప్పదు. ఆ తెలివి ఆకురాయి పట్టిన చేతి నుంచే వచ్చింది.

వైర్‌కట్‌కూ హద్దులున్నాయి. కరెంటు పారని గాజునూ చెక్కనూ ఇది కోయలేదు. అడుగు మూసి ఉన్న గుంటను చేయలేదు. నెమ్మది కూడా. రవ్వ తగిలిన ముఖం మీద కరిగి గడ్డకట్టిన పల్చటి పొర మిగులుతుంది. విమానపు ఇంజన్ భాగాలకు ఆ పొర పనికిరాదు, తీసేయాల్సిందే. టంగ్‌స్టన్ కార్బైడ్‌ను నీటిలో కోస్తే దాన్ని పట్టి ఉంచే కోబాల్ట్ కరిగిపోయేది. పల్స్‌ల దిశను అటూ ఇటూ మార్చి, సగటు వోల్టేజీ సున్నా అయ్యేలా చూసి ఆ చేటును చాలావరకు ఆపగలిగారు.

ఆ రోజు బాలానగర్ షెడ్డులో ఆఖరి స్కిమ్ కట్ నడుస్తోంది. మొదటి కోతలో నీటి అడుగున భగభగమన్న నీలి వెలుగు ఇప్పుడు మిణుగురంత. పని అయ్యాక మిషన్ నడిపే కుర్రవాడు పంచ్‌నూ డైనీ తుడిచాడు, ఇంకోసారి తుడిచాడు. అది మాయమయ్యే దిమ్మ లాంటి జోడీయే, సందు ఇక్కడా మైక్రాన్లలోనే. పంచ్‌ను డై మూతి మీద నిటారుగా నిలబెట్టి చేయి వదిలాడు. అది పడలేదు. తన కింద చిక్కిన గాలి నాలుగు అంచుల నుంచీ తప్పుకుంటుంటే, తన బరువుకే, నీళ్లలో మునుగుతున్నట్టు మెల్లగా దిగింది.