దారిబత్తెం లెక్క

డిసెంబరు రాత్రి శంషాబాద్ నుంచి ఢిల్లీ బయల్దేరే కెప్టెన్ చేతికి ఫ్లైట్ ప్లాన్ వచ్చిందనుకోండి. తెల్లవారుజామున ఢిల్లీని పొగమంచు కమ్మేస్తుందన్న సూచన అందులో ఉంటే, ఇంధనం అంకె దగ్గర ఆయన చూపు చాలాసేపు ఆగిపోతుంది.

ట్యాంకు నిండా పోయించుకుంటే గొడవే ఉండదు కదా అనిపిస్తుంది. కానీ ఇంధనాన్ని మోయడానికీ ఇంధనమే కావాలి. అదనంగా వేసుకున్న బరువులో గంటకు సుమారు 3, 4 శాతం ఆ బరువును మోయడానికే కాలిపోతుంది. పది గంటల ప్రయాణంలో దాదాపు మూడోవంతు అలా పోయినట్టే. పైగా దిగేటప్పుడు విమానం ఎంత బరువుండొచ్చో ఒక హద్దుంది. తక్కువ దూరానికి ట్యాంకులు నింపుకొని వెళితే ఆ హద్దు దాటిపోవచ్చు.

అందుకే లెక్క కిలోల్లో మొదలై నిమిషాల్లో తేలుతుంది. ఢిల్లీ చేరడానికి 5,000 కిలోలు కావాలనుకుందాం. రన్‌వే దాకా నడిచేందుకు కొంత వేరే. ఎదురుగాలి పెరిగితేనో, కోరిన ఎత్తు దొరక్కపోతేనో అక్కరకొచ్చేలా మామూలుగా మరో 5 శాతం, అంటే 250 కిలోలు కలుపుతారు. ఢిల్లీలో దిగలేకపోతే ఇంకో ఊరికి వెళ్లాలి. అసలు తెలివి కనిపించేది ఆ ఊరిని ఎంచుకోవడంలోనే. జైపూర్ దగ్గరే, కానీ అదే మంచు అక్కడికీ పాకవచ్చు. అనుభవమున్న కెప్టెన్ ఇంకా దూరంగా, ఆకాశం తేటగా ఉండే ఊరిని చూసుకుని, అక్కడిదాకా సరిపడా వేయమంటాడు.

వీటన్నిటి అడుగున మరో 30 నిమిషాల ఇంధనం ఉంటుంది. విమానాశ్రయం మీద 1,500 అడుగుల ఎత్తులో అరగంట తిరగడానికి జెట్ విమానానికి ఎంత కావాలో అంత. దీన్ని వాడుకోవాలని ఎవరూ ప్లాన్ వేయరు. దిగేసరికి ఇందులోకి చేయి పెట్టాల్సి వస్తుందని తేలిన క్షణంలో పైలట్ ‘మేడే’ అని మూడుసార్లు, ఆ వెంటనే ‘ఫ్యూయల్’ అని చెప్పాలి. ఈ వృత్తిలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించేది ఆ ముట్టని అరగంటే.

ఆ ‘మేడే’ మాట ఎందుకంత స్పష్టంగా ఉండాలో 1990 జనవరి 25న న్యూయార్క్‌లో తెలిసింది. కొలంబియా నుంచి వచ్చిన ఏవియాంకా బోయింగ్ 707ను గంటకు పైగా గాల్లోనే తిప్పారు. ఇంధనం అయిపోతోందని, ప్రాధాన్యం కావాలని సిబ్బంది చెప్పారు. ‘ఎమర్జెన్సీ’ అన్న ఒక్క మాట మాత్రం అనలేదు. ఇంజన్లు ఆగిపోయి విమానం కోవ్ నెక్ దగ్గర కూలింది. 73 మంది పోయారు. ఆ రేడియో సంభాషణ గురించి ఎప్పుడు చదివినా మనసు కలుక్కుమంటుంది.

కొలతల్లో పొరపాటు జరిగితే? కెనడా మెట్రిక్ పద్ధతిలోకి మారుతున్న రోజులవి. 1983 జులై 23న ఎయిర్ కెనడా కొత్త బోయింగ్ 767లో ఇంధనం మీటర్లు పనిచేయడం లేదు. చేత్తో లెక్క కట్టారు. లీటరుకు సుమారు 0.8 కిలో అనాల్సిన చోట పౌన్ల అంకె, 1.77, వాడారు. 22,300 కిలోలకు బదులు విమానంలో ఉన్నది 22,300 పౌన్లు, సగం కంటే తక్కువ. నడిదారిలో రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. కెప్టెన్ బాబ్ పియర్సన్‌కు గ్లైడర్లు నడిపిన అనుభవం ఉంది. గిమ్లీ అనే పాత వైమానిక స్థావరం రన్‌వే మీద విమానాన్ని దించగలిగాడు. 69 మందీ బతికారు.

ఇప్పుడు ప్లాన్‌ను కంప్యూటరే తయారుచేస్తుంది. డిస్పాచర్ సరిచూస్తాడు. ఖర్చు లెక్కా పక్కనే ఉంటుంది. విమాన ఇంధనం మన దేశంలో జీఎస్టీ పరిధిలో లేదు కాబట్టి రాష్ట్రానికో పన్ను; చౌకగా దొరికిన చోటే తిరుగు ప్రయాణానికీ కలిపి నింపుకోవడం మామూలే. అయినా ‘ఇంకో 800 కిలోలు వేయండి’ అనే హక్కు కెప్టెన్‌ది. కారణం చెప్పమంటే చెబుతాడు. ఆ హక్కును ఏ పొదుపు పేరుతోనూ కుంచించకూడదని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకంటే ఆ 800 కిలోలు మంచు విడిచేదాకా ఆగడానికి ఆయన కొనుక్కున్న ఇరవై నిమిషాలు.

గాల్లోకి లేచాక కూడా లెక్క ఆగదు. దారిలో ఒక్కో గుర్తు దాటినప్పుడల్లా ప్లాన్ చెప్పిన అంకె, ట్యాంకులో మిగిలిన అంకె పక్కపక్కన రాసి చూసుకుంటారు. ఢిల్లీలో ఇంజన్లు ఆపాక చివరి అంకె రాస్తారు. ఆ అరగంట అందులో అలాగే ఉంటుంది.