పక్కన కూర్చున్న మాండలిన్

పద్మారావు నగర్‌లో, ముఖ్యంగా స్కందగిరి గుడి చుట్టుపక్కల, కర్ణాటక సంగీతం వినే ఇళ్ళకు కొదవ లేదు. అలాంటి ఇళ్ళలో పాత క్యాసెట్ల పెట్టె తెరిస్తే మాండలిన్ శ్రీనివాస్ తప్పక కనిపిస్తారు. కానీ జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని ‘రిమెంబర్ శక్తి’ బృందంలో ఆయన వాయించిన ‘ద బిలీవర్’ (2000), ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’ (2001) ఆల్బమ్‌లు ఆ పెట్టెల్లో కనపడటం అరుదు. అది మనకే నష్టం. కచేరీల్లో దొరకని శ్రీనివాస్ ఒకరు వాటిలో ఉన్నారు.

మామూలు మాండలిన్‌కు నాలుగు జతల తీగలుంటాయి. జంట తీగల్ని లాగి గమకం పలికించడం కష్టం. పైగా మీటిన స్వరం వెంటనే ఆరిపోతుంది. గమకమే ప్రాణమైన సంగీతానికి ఈ రెండూ అడ్డే. పాలకొల్లు కుర్రవాడు శ్రీనివాస్ ఆ జతల్ని వదిలేసి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. యాంప్లిఫయర్‌తో నాదం నిలిచింది, ఐదో తీగతో మంద్రస్థాయి అందింది, ఒంటి తీగ మీద జారు, కంపితం లాంటి గమకాలు సాధ్యమయ్యాయి. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు దాన్ని తీగ మీదికి తెచ్చుకునేవాడు. శ్రీనివాస్ మీటులో సాహిత్యం వినపడటానికి కారణం ఆ చదువే.

1970ల నాటి ‘శక్తి’ బృందంలో మెక్‌లాఫ్లిన్ గిటారుకు జోడీ ఎల్. శంకర్ వయొలిన్. 1997లో ఆ బృందం ‘రిమెంబర్ శక్తి’గా మళ్ళీ కూడినప్పుడు హరిప్రసాద్ చౌరసియా వేణువు. కమానుతోనో ఊపిరితోనో సాగే నాదం, మీటుతో పుట్టే నాదానికి సహజంగా తోడవుతుంది. తర్వాత ఆ చోటికి మాండలిన్ వచ్చింది. మీటే వాద్యం పక్కన మరో మీటే వాద్యమంటే, ఏది ఎవరి స్వరమో తెలియకుండా కలిసిపోయే ప్రమాదముంది. అలా జరగలేదు. మెక్‌లాఫ్లిన్ గిటారు గుండ్రంగా, కింది స్థాయిలో పలుకుతుంటే, మాండలిన్ పైనుంచి పదునుగా అందుకుంటుంది. ఆయన స్వరాల వాన కురిపించిన చోట శ్రీనివాస్ ఒక్క స్వరాన్ని పట్టి, మెల్లగా ఊపి, రాగాన్ని తెరిచి చూపిస్తారు. జాకిర్ హుస్సేన్ తబలా, సెల్వగణేష్ కంజీర పరుగందుకుంటే వెనకబడరు.

1978లో గుడివాడలో తొలి కచేరీ చేసిన నాటినుంచీ శ్రీనివాస్‌ది వేదిక మధ్య స్థానం. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలోనూ ప్రధాన కళాకారుడే. అంతటివారు పక్కకు జరిగి, ఎదుటివారి ఊహను విని, దానికి తగ్గ జవాబు చెప్పడం ఈ రెండు ఆల్బమ్‌లలో వినవచ్చు. పక్కవాద్య ధర్మం అదే. ప్రధాన కళాకారులు దాన్ని ఇంత శ్రద్ధగా పాటించడం తక్కువ.

2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్ళకే ఆయన వెళ్ళిపోయారు. త్యాగరాజ కీర్తనల క్యాసెట్ల పక్కన ఈ రెండు ఆల్బమ్‌లకూ చోటివ్వండి. వినేటప్పుడు గిటారు మోగుతున్న చోట మాండలిన్ ఏం చేస్తోందో ప్రత్యేకంగా చెవి పెట్టి వినండి.