ఊఁ కొట్టే యంత్రం

లైనక్స్ టెర్మినల్లో ఖాళీ వరుస మీద బ్యాక్‌స్పేస్ కొట్టి చూడండి. చెరపడానికి అక్కడ అక్షరమే లేదు. యంత్రం ‘బీప్’ అంటుంది. ఫైలు పేరు సగం రాసి ట్యాబ్ కొట్టండి. ఆ సగంతో మొదలయ్యే ఫైళ్లు రెండు మూడుంటే మళ్లీ అదే పలుకు, కాకపోతే ఈసారి ‘ఏది కావాలో తేల్చు’ అని. వీఐ ఎడిటర్‌లో ఆజ్ఞలిచ్చే స్థితిలోనే ఉండి ఎస్కేప్ కొడితే, ‘బయటే ఉన్నావు కదయ్యా’ అని. స్వరం ఒక్కటే, భావాలు మూడు. వాచ్యార్థం సున్నా, ఉన్నదంతా వ్యంగ్యమే. ధ్వని సిద్ధాంతకర్త ఆనందవర్ధనుడు దీన్ని కావ్యమని ఒప్పుకునేవాడు కాదేమో గానీ, నేను ఒప్పేసుకున్నాను.

చిలకలగూడలో నిశ్శబ్దం దొరకదు. రైల్వే క్వార్టర్ల వైపు నుంచి ఇంజను కూత వస్తూనే ఉంటుంది. సికింద్రాబాద్ స్టేషన్ ఎంతో దూరం కాదు మరి. అంత హోరులోనూ పాత డెస్క్‌టాప్ బీప్ విడిగా, చెక్కినట్టు వినిపిస్తుంది. దానికి కారణం దాని పుట్టుకలోనే ఉంది. పీసీ లోపలి టైమరు సెకనుకు 11,93,182 సార్లు కొట్టుకుంటుంది. లైనక్స్ దానికి 1590 అనే అంకె ఇచ్చి, అన్నిసార్లకొక ఆవృత్తి చొప్పున స్పీకరును ఊపిస్తుంది. స్పీకరు పొరకు తెలిసినవి రెండే స్థితులు: బయటికి, లోపలికి. మధ్యలో ఒంపు లేదు, గమకం లేదు. అలాంటి చదరపు తరంగంలో మూల స్వరానికి తోడు మూడో, ఐదో, ఏడో... ఇలా బేసి రెట్లే పలుకుతాయి. ఆ కరుకుదనం అక్కడిదే.

పలికే స్వరం 750 హెర్ట్జ్, పొడవు సెకనులో ఎనిమిదో వంతు. లైనక్స్ కన్సోల్‌కు పుట్టుకతో వచ్చిన లెక్క ఇది. ఎక్స్ విండోస్ గంట మాత్రం 400 హెర్ట్జ్, సెకనులో పదో వంతు. షడ్జమాన్ని 250 దగ్గర పెట్టుకుని శ్రుతి వేసి చూడండి. మొదటిది సరిగ్గా తారస్థాయి పంచమం, రెండోది మధ్యస్థాయి శుద్ధ ధైవతం! ఈ లెక్కలు కట్టినవాళ్లెవరూ తంబురా పక్కన కూర్చుని కట్టి ఉండరు. అయినా కుదిరింది. పంచమం నిలకడైనది, ఆజ్ఞాపిస్తుంది. శుద్ధ ధైవతంలో కాస్త దిగులుంది, అది బతిమాలుతుంది. నా ఓటు దిగులుకే.

ఈ గంట వంశం పెద్దది. సికింద్రాబాద్‌లో టైపు ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కి లోయరు, హయ్యరు పాసైన తరానికి దాని ముత్తాత తెలుసు. కుడి అంచు దగ్గర పడుతుండగా ‘టింగ్’మనే టైపురైటరు గంట అది. దాని తర్వాత టెలిటైప్ వచ్చింది. ఆస్కీ పట్టికలో 7వ సంకేతం అక్షరం కాదు, గంట. కంట్రోల్ నొక్కి జి కొడితే పుట్టేది అదే. యూనిక్స్ తొలి రోజుల్లో బెల్ ల్యాబ్స్‌లో వాడిన టెలిటైప్ 33లో నిజంగానే ఒక లోహపు గంట ఉండేది. 1978లో వచ్చిన వీటీ100 టెర్మినల్, వరుస ఇంకా ఎనిమిది అక్షరాలుందనగా అదే టైపురైటరు హెచ్చరికను బీప్‌గా చేసింది.

నన్ను కట్టిపడేసింది మాత్రం వీటీ100 గంట కాదు, దాని టక్కు. మీట కొట్టినప్పుడల్లా కీబోర్డులోని చిన్న స్పీకరు ‘టక్’మనేది. షిఫ్టు, కంట్రోల్ మీటలు వాటంతటవి ఏ సంకేతమూ పంపవు కాబట్టి వాటికి టక్కు లేదు. కీబోర్డు తాళం పడి, కొట్టిన అక్షరాలు పోతున్నప్పుడూ టక్కు రాదు. అంటే ఆ చప్పుడు వేలిది కాదు, యంత్రానిది. కథ చెబుతుంటే వినేవాళ్లు ఊఁ కొట్టినట్టు అది ‘అందింది’ అంటోంది. ఊఁ ఆగితే చెప్పేవాడికి వెంటనే తెలిసిపోతుంది, కథ ఎక్కడో జారిందని.

మన వీధుల్లో వినిపించిన టక్కు వేరే జాతి. రైల్వే రిజర్వేషన్‌కు క్రిస్ సంస్థ రాసిన కాన్సర్ట్ సాఫ్ట్‌వేర్ 1994లో మొదట అడుగుపెట్టింది సికింద్రాబాద్‌లోనే. దాని వెనకున్నది యూనిక్స్ కాదు, వీఎంఎస్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్. అయినా ఆ తరం టికెట్ కౌంటర్లంటే చెవికి గుర్తొచ్చేది గుమాస్తా వేళ్ల కింది టకటకలే. పాత టీవీఎస్ గోల్డ్ కీబోర్డు మీద కూర్చున్నవారికి ఆ రుచి తెలుసు. దాని నీలి స్విచ్‌లో చిన్న ప్లాస్టిక్ ముక్క ఎగిరి పడుతుంది, గట్టిగా, నిస్సంకోచంగా. ఎంత బాగున్నా అది మీట మాటే. అక్షరం చేరిందో లేదో దానికి తెలియదు. ఇప్పుడు లైనక్స్‌లో దొరికే బకిల్‌స్ప్రింగ్ ప్రోగ్రాం, ఐబీఎం మోడల్ ఎం కీబోర్డు చప్పుళ్లను మీట దిగినప్పుడొకటి, లేచినప్పుడొకటి, ఎడమ కుడి చెవులకు పంచి మరీ వినిపిస్తుంది. అద్భుతమైన మిమిక్రీ. షిఫ్టుకూ మోగుతుంది కాబట్టి మిమిక్రీయే, జవాబు కాదు.

తెలుగు రాసేవాడికి ఈ తేడా మరీ ముఖ్యం. ఇన్‌స్క్రిప్ట్‌లో ‘లక్ష్మి’ కొట్టండి: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. నోటికి ఒక గురువు, ఒక లఘువు, వెరసి మూడు మాత్రలు. వేళ్లకు ఏడు దెబ్బలు, మిశ్రగతి. ‘ష’ కోసం నొక్కిన షిఫ్టు వీటీ100 నీతిలో మౌనంగా ఉండిపోతుంది, ఏడు ఏడుగానే వినిపిస్తాయి. బకిల్‌స్ప్రింగ్‌లో అక్కడో అదనపు దెబ్బ పడి నడక చెడుతుంది.

ఉబుంటు వంటివి పీసీ స్పీకర్ మాడ్యూల్‌ను మొదటే నిషేధిత జాబితాలో పెట్టేస్తున్నాయి. ఆఫీసులో పక్కవాళ్ల ప్రాణం కోసమైతే సరే. ఇంట్లో స్పీకరున్న పాత డెస్క్‌టాప్ ఉంటే మాత్రం మోడ్‌ప్రోబ్‌తో ఆ మాడ్యూల్‌ను పిలవండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి నల్లటి కన్సోల్‌కు వెళ్లండి. సెట్‌టర్మ్ ఆజ్ఞతో గంటను 400 హెర్ట్జ్‌కు దింపి, పొడవును 40 మిల్లీసెకన్లకు కుదించండి. అంతకు మించితే ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు.