రంగుచేపల పెంపకం: మధురై చూపిన దారి

గప్పీ చేత పిల్లలు పెట్టించడం పెద్ద విద్య కాదు. జంటను తొట్టిలో వదిలితే నెల తిరిగేసరికి పిల్లలు తిరుగుతుంటాయి. విద్యంతా ఏరివేతలో ఉంది. ఆడ గప్పీ ఒక్కసారి మగదానితో కలిస్తే ఆ వీర్యాన్ని నెలల తరబడి ఒంట్లో దాచుకుని కాన్పు మీద కాన్పు కంటుంది. అందుకే వరస నిలబెట్టాలనుకునే పెంపకందారు మూడు నాలుగు వారాల పిల్లల్లోనే పొట్ట కింది రెక్క మొన తేలుతున్నవాటిని మగవని గుర్తుపట్టి వేరు చేస్తాడు. ఒక్కటి కన్నుగప్పి మిగిలినా ఆ తరం పాడైనట్టే. ఫైటర్ చేపకు ఇంకా ఓపిక కావాలి. జానెడు లోతు నీళ్లలో ఎండు బాదం ఆకు వేస్తే మగచేప దాని కింద నురగ గూడు కడుతుంది, రాలిన గుడ్లను నోటితో ఏరి బుడగల్లో అంటిస్తుంది. గుడ్లు పెట్టగానే ఆడదాన్ని తీసేయాలి. పిల్లలు అడ్డంగా ఈదడం మొదలుపెట్టాక తండ్రినీ తీసేయాలి. ఆ పిల్లల నోటికి పట్టే మేత కంటికి ఆనని సూక్ష్మజీవులే. వాటిని ముందే పెంచి ఉంచుకోనివాడికి తొట్టి నిండా గుడ్లున్నా చేతికి చేప రాదు.

ఈ విద్యకు శాస్త్రం తోడైన చోటు మధురై కామరాజ్ విశ్వవిద్యాలయం. 1984లో భట్నాగర్ పురస్కారం అందుకున్న టి.జె. పాండియన్, ఆయన శిష్యులు అక్కడ చేసిన పని చేపల ప్రపంచంలో నిజంగా అద్భుతం. మగ లక్షణం ఉన్న గప్పీ పిల్లలను హార్మోనుతో ఆడవిగా మార్చి, మామూలు మగవాటితో కలిపి, వాటి సంతానంలోంచి రెండు వై క్రోమోజోములున్న మగచేపను ఏరారు. దానికి పుట్టేవన్నీ మగవే. గప్పీల్లో రంగు మగవాటిదే కాబట్టి అన్నీ రంగువే. అంగడికి వచ్చే చేప హార్మోను రుచి ఎరగదు. మందు తిన్నది దాని నాయనమ్మ. 2004లో వెలువడిన మరో పనిలో చనిపోయిన రోజీ బార్బ్ చేప వీర్యంతో, టైగర్ బార్బ్ గుడ్లలోంచి రోజీ బార్బ్‌నే తిరిగి పుట్టించారు. ఇంతటి పని జరిగిన ఊరి అంగళ్లలో సూదితో రంగెక్కించిన చేపలు కనిపిస్తే కడుపు మండదా?

పారదర్శకంగా మెరిసే గాజుచేపను మనదేశపు వాగులే ఇచ్చాయి. దాని ఒంట్లోకి సూదితో రంగు ఎక్కించి అమ్మడం నేరమనే అనాలి. కొన్ని నెలల్లో రంగు వెలిసిపోతుంది, ఈలోగా గాయాలకు చీము పట్టి ఎన్నో చస్తాయి. ఇంకొందరు మేతలో మగ హార్మోను కలిపి ఆడ గప్పీలకూ రంగు పుట్టిస్తారు. మేత ఆగాక ఆ రంగు నిలవదు, చాలావాటికి సంతానం ఉండదు. పేద పెంపకందారుకు వేరే దారేదని అడుగుతారు. మధురై పద్ధతిలో సగం పిల్లలు రంగులేని ఆడవై మేత దండగ కావడం ఉండదు కదా, అదే అతనికి ఆదా. కొన్న చేప వెలిసిపోయిన ఇంటివాళ్లు రెండోసారి అంగడి మెట్లెక్కరు, నష్టం చివరికి మంచి పెంపకందారుకే తగులుతుంది. ఇవి పరదేశపు చేపలు, మనకెందుకు అనేవాళ్లూ ఉన్నారు. పడమటి కనుమల ఏళ్లలోని డెనిసన్ బార్బ్ మనదే. వేటాడి అమ్ముకోవడం వల్ల వాగుల్లో అది తరిగిపోయింది. తొట్లలో పుట్టిస్తేనే ఏళ్లలో మిగిలినవి బతుకుతాయి.

ఈ పనికి మనవాళ్లు తగినవాళ్లు. తెలుగువాళ్లు నాయకరాజుల కాలంలో ఈ తమిళ సీమకు వచ్చారంటారు మన పెద్దలు. ఎప్పుడొచ్చినా, మధురై, కోయంబత్తూరు తెలుగు ఇళ్లకు పెరడూ ఉంది, పనిలో ఓర్పూ ఉంది. చెన్నై కొళత్తూరులో ఎన్నో కుటుంబాలు సిమెంటు తొట్ల మీదే బతుకుతున్నాయి. మధురై బోర్లలో సున్నం ఎక్కువున్న నీరు గప్పీకి, మోలీకి నచ్చుతుంది. కోయంబత్తూరు సిరువాణి నది మెత్తని నీరు టెట్రాలకు అనువు. మన పిల్లలు ఈ పనిలోకి రావాలి. కొనేవాళ్లు మాత్రం ఇకనుంచి ధర అడిగే ముందు, ఈ చేప తల్లినీ తండ్రినీ చూపించమని అంగడివాణ్ణి అడగాలి.